వన్ పాయింట్ జీరోకు ముహూర్తం: హెచ్ఎంపాడు చిట్కాలు

మా మండలం పేరు హనుమంతునిపాడు. అంత పొడుగు పేరు బస్సు బోర్డు మీద పట్టదు కాబట్టి హెచ్ఎంపాడు. పక్కన సీఎస్‌పురం, ఇంకోపక్క పీసీపల్లి. అందుకే ఎన్‌పీఎం అన్న మాట మొదటిసారి చెవిన పడ్డప్పుడు కనిగిరి అవతల ఏదో ఊరనుకున్నాను. జావాస్క్రిప్ట్ వాళ్ళ ప్యాకేజీ మేనేజర్ అని తర్వాత తెలిసింది.

ప్యాకేజీ మేనేజర్ అంటే తెలియనివాళ్ళకు ఒక్క మాటలో చెబుతాను. పెళ్ళికి వంటాయన సరుకుల చీటీ రాసిస్తాడు. ఆ చీటీ పట్టుకుని మేనమామ కనిగిరి అంగడికి పోయి సరుకు వేయించుకొస్తాడు. ఆ మేనమామే ప్యాకేజీ మేనేజర్. ఈ రోజుల్లో ఏ ప్రోగ్రామరూ ఉప్పు తానే పండించుకోడు. తేదీలు లెక్కవేసే కోడ్ ఒకరిది, బొమ్మ చిన్నది చేసే కోడ్ మరొకరిది, అన్నీ ఎక్కడెక్కడినుంచో దించుకుంటాడు. పైథాన్‌కు పిప్, పీహెచ్‌పీకి కంపోజర్, రస్ట్‌కు కార్గో, ఎవరి మేనమామ వాళ్ళకున్నాడు.

మా బాబాయి కొడుకు బెంగళూరులో ఉంటాడు. ఏదో కొత్త భాషకు ప్యాకేజీ మేనేజర్ రాసే గుంపులో చేరాడట. సంక్రాంతికి వచ్చి, "అన్నా, మొదటి స్టేబుల్ రిలీజ్ చేద్దామనుకుంటున్నాం, నీకు తెలిసిందేమన్నా చెప్పు" అన్నాడు. నేను పదిహేనేళ్ళుగా ప్యాకేజీలు దించుకుంటున్నవాణ్ణి, నన్ను ఎవరైనా సలహా అడగడం మాత్రం అదే మొదలు. మిద్దె మీద సిగ్నల్ తగిలే మూలన నిలబడి చెప్పాను. నలుగురికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

సలహా 0.1: ముహూర్తం పెట్టొద్దు.

వెర్షన్ అంకెలకు ఒక కట్టుబాటు ఉంది. మూడంకెలుంటాయి. మొదటిది మారితే పాత కోడ్ విరగొచ్చు, నడిమిది మారితే కొత్త సౌకర్యం వచ్చినట్టు, చివరిది మారితే ఏదో తప్పు దిద్దినట్టు. మొదటి అంకె సున్నాగా ఉన్నంతకాలం ఏ రోజున ఏది మార్చినా అడిగేవాడు లేడు. సున్నా అంటే పెళ్ళిచూపులు. ఉప్మా తిని లేచి రావచ్చు. ఒకటి వేశావంటే మూడు ముళ్ళూ పడ్డట్టే. ఇంత సుఖాన్ని చేజేతులా ఎవడు వదులుకుంటాడు? కంపోజర్ వాళ్ళు 2011లో పని మొదలుపెట్టారు. పీహెచ్‌పీ లోకమంతా దానిమీదే దుకాణాలు నడుపుకుంది. 1.0 మాత్రం 2016 ఏప్రిల్‌లో వచ్చింది. ఒక భాషకంటూ కట్టుబడనిదైనా, డెబియన్ లినక్స్‌కు సరుకు తెచ్చే ఆప్ట్ ఇంకా ఓపికైనది. 1998లో పుట్టి, పదహారేళ్ళ తర్వాత 2014 ఏప్రిల్ 1న 1.0 అనిపించుకుంది. ఆ తేదీ చూసి ఎంతమంది నమ్మారో! పిప్ మాత్రం తొందరపడి, 2008లో వచ్చి 2011కే ముడి వేయించుకుంది.

"అట్లా నాన్చితే మా బాసు ఊరుకోడన్నా" అన్నాడు తమ్ముడు. ఊరుకోకపోతే రెండో దారి ఉంది, అది మా పడమటి ప్రకాశానికి బాగా అలవాటైనదే. ముందు పూర్తయిందని చెప్పెయ్, తర్వాత పూర్తి చెయ్. మా వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో ఒక శంకుస్థాపన, 2004లో ఇంకొకటి. శ్రీశైలం వెనక నీళ్ళు తేవడానికి కొండలో రెండు సొరంగాలు, ఒక్కోటి 18.8 కిలోమీటర్లు. రెండోది 2024 జనవరిలో అవతలికి తేలింది, మార్చిలో ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. ఆ రోజు మా వైపు కాలువలో నీళ్ళు లేవు. ముంపు ఊళ్ళవాళ్ళకు పునరావాసం కూడా పూర్తి కాలేదు. అయితే ఏం, శిలాఫలకం మీద చెక్కిన తేదీ ఎంత స్టేబులో చూడు. నీ 1.0 కూడా అట్లాగే ఉండాలి. ప్రకటన నిలకడగా ఉంటే చాలు, కుళాయి తిప్పి చూసేవాడు తర్వాత తిప్పుకుంటాడు.

సలహా 0.2: ఇంటిపేరు పెట్టనివ్వొద్దు.

మా మండలంలో వెంకటేశ్వర్లూ అని కేకేస్తే పదిమంది తిరిగి చూస్తారు. అందుకే జనం ఇంటిపేర్లు పెట్టుకున్నారు. కంపోజర్ వాళ్ళూ ఆ పాత ముచ్చటే పట్టుకున్నారు. ప్రతి ప్యాకేజీకీ ముందు రాసినవాడి పేరు, తర్వాత గీత, తర్వాత దాని పేరు. ఎంత టైపింగో! ఎన్‌పీఎం మొదట్లో ఆ బాదరబందీ పెట్టుకోలేదు. ఎవడు ముందొస్తే పేరు వాడిది.

దానివల్ల ఎంత మంచి వినోదం దొరికిందో చెబుతాను. అజర్ కోచులు అనే ప్రోగ్రామర్ దగ్గర కిక్ అనే ప్యాకేజీ ఉండేది. అదే పేరుతో కెనడాలో ఒక మెసేజింగ్ కంపెనీ ఉంది, ఆ పేరు మాకివ్వమంది. ఆయన ఇవ్వనన్నాడు. ఎన్‌పీఎం వాళ్ళు కంపెనీకే ఇచ్చేశారు. ఆయనకు ఒళ్ళు మండి, తాను పెట్టిన ప్యాకేజీలన్నీ, 270కి పైనే, పీకేసుకుని పోయాడు. 2016 మార్చి 22. వాటిలో ఒకదాని పేరు లెఫ్ట్‌ప్యాడ్. పదకొండు వరుసల కోడ్. అంకెకో మాటకో ఎడమవైపు ఖాళీలో సున్నాలో పెట్టి పొడుగు చేయడం, అంతకుమించి దానికి పని లేదు. మా పాడుకు దూరపు చుట్టమేమోనని నాకు అభిమానం. ఆ పదకొండు వరుసలు పోయేసరికి రియాక్ట్, బేబెల్ అనే పనిముట్ల మీద పనిచేసే ప్రాజెక్టులు ప్రపంచమంతా ఆగిపోయాయి. ఒక్క ప్యాడ్ పోతే ఊళ్ళన్నీ పాడు.

ఇందులో నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. ఎవరో పుణ్యాత్ముడు నిమిషాల్లో అదే పేరుతో అదే పని చేసే కోడ్ పెట్టాడు. మర్యాదగా దానికి 1.0.0 అని అంకె వేశాడు. స్టేబుల్! అయినా విరిగినవి విరిగినట్టే ఉన్నాయి. ఎందుకంటే మధ్యలో ఒక ప్యాకేజీ తనకు 0.0.3 మాత్రమే కావాలని చీటీలో రాసుకుంది. కొత్త బియ్యం బస్తా ఎదురుగా పెట్టినా, నాకు ఆ చిరిగిన బస్తానే కావాలని కూర్చునే పెదనాన్నలు కోడ్‌లోనూ ఉంటారు. చివరికి రెండున్నర గంటలకు ఎన్‌పీఎం వాళ్ళే పాత 0.0.3ను బతికించి తెచ్చారు. ఆ దెబ్బకు నిబంధనలు మార్చేశారు. ఇప్పుడు పెట్టిన ప్యాకేజీ 72 గంటలు దాటాక, దానిమీద ఎవరైనా ఆధారపడి ఉంటే, పీక్కుపోవడం కుదరదు. రస్ట్ వాళ్ళ కార్గో అయితే ఇంకా చాదస్తం. వెనక్కి తీసుకున్న వెర్షన్ కొత్తవాళ్ళకు ఇవ్వదు గానీ, ఇప్పటికే వాడుతున్నవాళ్ళకు ఇస్తూనే ఉంటుంది. నువ్వు మాత్రం పీకుడు బటన్ పెద్దదిగా, ఎర్రగా పెట్టు.

పేర్ల దగ్గర ఇంకోటి. దగ్గర దగ్గర పేర్లు ఎవరైనా పెట్టుకోనివ్వాలి. మాకు వెలిగండ్ల అని మండలం ఉంది, వెలిగొండ అని ప్రాజెక్టు ఉంది. ఒకటి అడిగితే ఇంకోచోట దిగబెట్టినా మనిషి చచ్చిపోడు కదా. 2017లో క్రాస్-ఎన్వ్ అనే ప్యాకేజీకి నడిమి గీత తీసేసి ఇంకొకడు క్రాస్ఎన్వ్ పెట్టాడు. గీత మరిచిపోయి దించుకున్నవాళ్ళ యంత్రాల్లోని రహస్య వివరాలు వాడికి చేరిపోయాయి. వేలి తప్పుకు శిక్ష ఉంటేనే టైపింగ్ నేర్చుకుంటారు.

సలహాలు 0.3, 0.4, 0.5 వెనక్కి తీసుకున్నాను. వాటిమీద ఆధారపడి ఇప్పటికే ఏమన్నా కట్టుకుని ఉంటే మీ ఖర్మ.

సలహా 0.6: చుట్టాలను లెక్కపెట్టొద్దు.

నువ్వు పిలిచేది ఒక్క ప్యాకేజీనే. అది తన బావమరుదులను తెస్తుంది, వాళ్ళు వాళ్ళ తోడల్లుళ్ళను. పాత ఎన్‌పీఎంలో అయితే ఒక్కో చుట్టం తనకు కావలసినదంతా తన సంచిలోనే విడిగా తెచ్చుకునేది. ఒకే ప్యాకేజీ ఇరవై చోట్ల, సంచిలో సంచి, దానిలో ఇంకో సంచి. విండోస్‌లో దారి పేరు 260 అక్షరాలు దాటి, ఫోల్డరు చెరపడానికి కూడా వీలు కాని దశకు వచ్చేది. మా నీళ్ళ కరువు రోజుల్లో పెళ్ళికి వచ్చే ప్రతివాడూ తన బిందె తానే మోసుకొచ్చినట్టు. 2015లో మూడో వెర్షన్‌తో ఆ సంచులను విప్పి వీలైనంతవరకు ఒకే వరుసలో పేర్చారు. నాకు ఆ బిందెల రద్దీయే కళగా ఉండేది.

సలహా 0.7: తాళం పలక మీద రాయండి.

ఇది అన్నిటికన్నా ముఖ్యం. లాక్ ఫైలు అని ఒకటుంటుంది. చీటీలో వంటాయన "కందిపప్పు పది కిలోలు" అని రాస్తాడు, ఏ పప్పయినా సరే. అంగడాయన తూచి ఇచ్చాక, ఫలానా మిల్లు, ఫలానా బస్తా, ఇంత తూకం అని కాయితం మీద రాసి పెడితే అది లాక్ ఫైలు. రేపు ఇంకెవరికైనా అచ్చం అదే పప్పు కావాలంటే ఆ కాయితం చూస్తే చాలు. కోడ్‌లో అయితే ప్రతి ప్యాకేజీకీ వేలిముద్ర లాంటి ఒక పొడవాటి అంకెల వరుస కూడా పక్కన రాస్తారు. లోపల ఒక్క అక్షరం మారినా వేలిముద్ర కలవదు.

దీన్ని ప్రాజెక్టుతో పాటు దాచుకోమని పెద్దలంటారు. వద్దు. పలకల ఊరు మార్కాపురం ఇంత దగ్గర పెట్టుకుని కాయితమెందుకు? ఒక పలక కొనుక్కుని బలపంతో రాయి. సాయంత్రం ఎవడో మోచేత్తో తుడిచేస్తాడు, పొద్దున మళ్ళీ కొత్తగా రాసుకోవచ్చు. చీటీలో అంకె ముందు టోపీ గుర్తు పెడితే ఇంకా మేలు. 1.2 ముందు టోపీ పెట్టావంటే, 1.2 మొదలు 2.0 లోపు ఎంత కొత్తదొచ్చినా తెచ్చిపెట్టు అని అర్థం. అవతలివాడు చివరి అంకె మాత్రమే మార్చాడంటే చిన్న దిద్దుబాటేనని, ఏదీ విరగదని మాట ఇచ్చినట్టే. ముక్కూ మొహం తెలియని మనిషి మాట మనం నమ్మకపోతే ఎవరు నమ్ముతారు? టోపీ పెట్టేది వాడు, పెట్టించుకునేది మనం.

నిన్న పనిచేసిన కోడ్ ఇవాళ, నువ్వు ఒక్క అక్షరం కూడా మార్చకుండా, పనిచేయకపోవడంలో ఉన్న ఉత్సాహం వేరు. ఒకసారి మా ఆఫీసులో శుక్రవారం రాత్రి ఇదే జరిగితే, నాలుగు ఇళ్ళల్లో శనివారం భోజనం చల్లారిపోయింది. ఆ నాలుగిళ్ళలో ఒకటి మాది. మా ఆవిడ ఇప్పటికీ లాక్ ఫైలు అంటే నా పేరనుకుంటుంది.

సలహా 0.9: అడిగినవాడికి తాళంచెవులు ఇచ్చేయ్.

ఈవెంట్-స్ట్రీమ్ అని వారానికి లక్షలసార్లు దిగే ప్యాకేజీ ఉండేది. రాసిన డొమినిక్ టార్‌కు దానిమీద ఆసక్తి పోయింది, పైసా రాదు, పని మాత్రం తెమలదు. ఎవరో వచ్చి, నేను చూసుకుంటానన్నాడు. ఈయన ఇచ్చేశాడు. కొత్త కాపరి మొదట బుద్ధిగా నాలుగు పనులు చేసి, తర్వాత మెల్లగా ఇంకో ప్యాకేజీని చుట్టంగా తగిలించాడు. అది కోపే అనే బిట్‌కాయిన్ సంచిని మాత్రమే వెతుక్కుంటూ పోయి దాని తాళాలు దొంగిలించే కోడ్. బయటపడింది 2018 నవంబరులో. దీనిలో టార్ తప్పేముందో నాకు అర్థం కాదు. ఊరంతా తాగే బోరుకు ఒక్కడే మోటారు వేస్తూ, కరెంటు బిల్లు కూడా తానే కడుతుంటే, ఆ ఒక్కడికి విసుగు రాకుండా ఉంటుందా? కాబట్టి మీ ప్యాకేజీలు రాసినవాళ్ళకు డబ్బు ఇవ్వకండి, థాంక్స్ కూడా చెప్పకండి. తాళంచెవులు త్వరగా చేతులు మారతాయి.

ఎన్‌పీఎం చెవులు కూడా మారాయిలే. 2020లో గిట్‌హబ్ కొనుక్కుంది, గిట్‌హబ్‌ను అంతకు రెండేళ్ళ ముందే మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, దానికి పెద్ద మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల. ఈ లెక్కన ప్రపంచపు జావాస్క్రిప్ట్ సరుకుల కొట్టు తాళాలు మన తెలుగాయన మొలతాడుకే వేలాడుతున్నాయని మా ఊళ్ళో చెప్పాను. "అయితే మనోడికి చెప్పి టవర్ వేయించు" అన్నారు.

సలహా 1.0: ఇది స్టేబుల్. ఇకపై మారదు.

సరుకు ఎక్కడ కొనకూడదో చెబుతాను. కనిగిరిలో ఒక పాత అంగడి ఉంది. అంగడాయనకు డెబ్భై దాటాయి. గల్లాపెట్టె పైన ఇనప కొక్కేనికి చీటీలు గుచ్చి పెడతాడు, నిండితే తీగకు మార్చి అటక మీద వేస్తాడు. మొన్న తమ్ముడి నిశ్చితార్థానికి సరుకు కోసం నేనూ వాడూ పోయాం. "మీ నాయన పెళ్ళికి కూడా సరుకు ఇక్కడే" అన్నాడు. మాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు, పిల్లాణ్ణి అటకెక్కించాడు. అరగంట దుమ్ము దులిపాక ఒక చీటీ దొరికింది. మా తాత పేరు, తేదీ, కందిపప్పు ఏ మిల్లుదో, నూనె ఏ గానుగదో, బెల్లం ఎన్ని దిమ్మలో, ఒక దిమ్మ తిరిగిచ్చారని పక్కన చిన్న అక్షరాల్లో.

తమ్ముడు ఆ చీటీని ఫోటో తీసుకున్నాడు. తిరిగి వచ్చేదారిలో బస్సులో నాతో ఒక్క మాటా మాట్లాడలేదు, ఫోన్లో ఏదో టైపు చేస్తూనే ఉన్నాడు. నేను చెప్పిన సలహాలు రాసుకుంటున్నాడనుకుని తొంగి చూశాను. రిలీజ్ రెండు నెలలు వాయిదా వేయమని వాళ్ళ బాసుకు రాస్తున్నాడు.

ఆ అంగడికి మాత్రం పోకండి.