మాడు మీద మహా వ్యాపారం

జీఎస్టీ తగ్గిందని తలనూనెల వాళ్లూ షాంపూల వాళ్లూ చేసుకున్న సంబరం ఇంకా చల్లారినట్టు లేదు. 18 శాతం కాస్తా 5కి దిగింది కదా, ఇక దేశంలో వెంట్రుక రాలితే ఒట్టు అన్నంత ధీమాగా ఉన్నారు. 2025 సెప్టెంబర్ 22న మన నెత్తిమీది భారం దించేశారట. దిగింది పన్ను. భారం ఎక్కడిది అక్కడే ఉంది, పొరలు పొరలుగా, గీరితే గోట్లోకి వచ్చేంత. ఆ మాటకొస్తే రూపాయి షాంపూ ప్యాకెట్టు లెక్క ప్రకారం 89 పైసలు కావాలి. మిగతా 11 పైసల చిల్లర ఒడిశాలో మా రాయగడ జిల్లా చాటికోన సంతలో ఎవడిస్తాడో, ఢిల్లీ వాళ్లు సంత జరిగే ఒక బుధవారం వచ్చి చూపిస్తే సంతోషిస్తాం.

ఆ గోట్లోకి వచ్చేదాన్ని టీవీలో చూసుకునే యోగం ఇప్పుడు రాయగడకి కూడా పట్టింది. కటింగ్‌కని వెళ్లినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, పెన్నులాంటి గొట్టం పాపిట మీద ఆనించాడు కుర్రాడు. ఎదురుగా తెర నిండా నా మాడు. వెంట్రుక మొదట్లో పసుపుపచ్చ మైనం, దాని చుట్టూ తెల్లటి పెచ్చులు, అక్కడక్కడా ఎర్రగా కందిన చర్మం.

"చూశారా అంకుల్, బిల్డప్! స్కాల్ప్ డిటాక్స్ చేయించి ఎన్నాళ్లయింది?"

"పుట్టి బుద్ధెరిగాక చేయించలేదు బాబూ" అన్నాను. పాపం, చాలా జాలిపడ్డాడు. ఉప్పు కలిపిన స్క్రబ్బు, ఆవిరి, ఒక పూత, ఒక మర్దన, పైన సీరం, మొత్తం కలిపి పదిహేను వందలన్నాడు. పెళ్లికొడుక్కి కూడా ఇంత లాంఛనం జరగదు. అంతా అయ్యాక ఆ శుభ్రమైన మాడుకి ఏం రాస్తారని అడిగాను. అలమారా తెరిచి సీసా చూపించాడు. నల్లటి నూనె. అడుగున వేలెడు మందాన మడ్డి. పైన ఈకల కిరీటం పెట్టుకున్న ముసలాయన బొమ్మ. ఆదివాసీ హెయిర్ ఆయిల్.

అంటే పదిహేను వందలు పుచ్చుకుని జిడ్డు తీస్తారు, ఇంకో వెయ్యి పుచ్చుకుని జిడ్డు పెడతారు. మళ్లీ నెలకి రమ్మంటారు.

కెమెరాని క్షమిస్తాను. ఉన్నది చూపించింది, దాని తప్పేముంది. నా కడుపుమంటంతా ఆ సీసా మీదే.

రాయగడలో కూర్చుని ఆదివాసీ నూనె కొరియర్‌లో తెప్పించుకుంటున్నాం! 2011 జనాభా లెక్కల్లో ఈ జిల్లాలో సగానికి పైగా ఆదివాసీలే, పక్కన కోరాపుట్‌లోనూ అంతే. ఇంటిముందు నుంచి కొండచీపుళ్ల మోపులెత్తుకుని వాళ్లు పోతూనే ఉంటారు. ఒక్కసారి పిలిచి "అమ్మా, మీరు తలకి ఏం రాస్తారు?" అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడగరు. ఎందుకంటే ఎదురుగా ఉన్న ఆదివాసీ దగ్గర చీపురు కూడా బేరమాడకుండా కొనం. రీల్స్‌లో కనబడే ఆదివాసీకైతే ముందే గూగుల్ పే చేసి, ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు చూస్తాం.

ఆ నూనె పుట్టిల్లు మైసూరు జిల్లా హుణసూరు తాలూకాలోని పక్షిరాజపుర. తయారుచేసేవాళ్లు హక్కిపిక్కి తెగవాళ్లు. పిట్టలు పట్టుకు బతికే జాతి. వేట మీద నిషేధం వచ్చాక మూలికలు, నూనెలు, పూసలు అమ్ముకుంటూ దేశాలు పట్టుకు తిరిగారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో తుపాకులు పేలినప్పుడు అక్కడ చిక్కుకుపోయిన మనవాళ్లలో వీళ్లూ ఉన్నారు. పొట్టకూటికి అంత దూరం పోయినవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్ల సరుకు నాలుగు రోజులు నడిచేసరికి, ముంబై తారలు ఆ ఊరి దాకా వచ్చి తలంటించుకునేసరికి, వాళ్ల పేరు మీద ఊరూరా పుట్టుకొచ్చిన సీసాలున్నాయే, వాటి మీద కోపం. ఏ గిడ్డంగిలో కలిపారో, ఏ నూనెలో ఏం పోశారో ఎవరికీ తెలియదు. 108 మూలికలని మాత్రం అందరికీ తెలుసు. అదేం లెక్కో, అష్టోత్తరం చదివినట్టు సరిగ్గా 108. 107తో మొలవని జుట్టు ఆ చివరిదానితో మొలుస్తుంది కాబోలు.

సరే, ఆదివాసీ రహస్యమన్నారు. ఏ ఆదివాసీది నాయనా? ఒక్క ఒడిశాలోనే షెడ్యూల్డు తెగలు 60కి పైగా ఉన్నాయి. పాత కోరాపుట్ జిల్లాని 1992లో నాలుగు ముక్కలు చేయకముందు అందులో భాగమైన మల్కనగిరి వైపు బోండాలుంటారు. వాళ్ల సంప్రదాయంలో ఆడవాళ్లు తల నున్నగా గొరిగించుకుని, దానిమీద తాటాకు పట్టీలు, పూసల పేర్లు చుట్టుకుంటారు. సీసా మీద ఆవిడ బొమ్మ వేయండి చూద్దాం! మోకాళ్ల దాకా జడలకి ఆదివాసీల గుట్టు ఇదేనని చెప్పే నోళ్లు ఒక్కసారి ఆ గుండుకి సమాధానం చెప్పాలి. ఇటు నియమగిరి మీది డోంగ్రియా కోంధులు ఆడా మగా జుట్టు పెంచి, వరసకట్టి క్లిప్పులు గుచ్చుకుంటారు. గుణుపురం వైపు లాంజియా సవరలది ఇంకో తీరు. వీళ్లందరినీ ఒక్క సీసాలో పోసి, నెత్తిన అమెరికా ఈకల కిరీటం పెట్టేశారు.

ఆ డోంగ్రియాలే 2013లో 12 గ్రామసభల్లో కూర్చుని కొండని అమ్మేది లేదు పొమ్మన్నారు. బాక్సైట్ కంపెనీ అంతటిది వెనక్కి తగ్గింది. పాపం, కొండనైతే కాపాడుకున్నారు. పేరుని కాపాడుకోవడానికి గ్రామసభలు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు.

బుధవారం చాటికోన వెళ్లి చూడండి. కొండ దిగి వాళ్లు పసుపు, అల్లం, అనాస, పనస తెస్తారు. ఉప్పు, ఎండుచేపలు కొంటారు. ఆ పక్క కొట్టుకి తోరణాలు కట్టినట్టు షాంపూ ప్యాకెట్ల దండలు వేలాడుతుంటాయి, వాటిల్లోంచి రెండు తెంపించుకుని పోతారు. 1983లో కడలూరులో చిక్ షాంపూ మొదలెట్టినాయన పేదవాడి తలకి కూడా నురగ రావాలన్నాడు, వచ్చింది. ఆ ఖాళీ కవర్లు ఇప్పుడు నాగావళి గట్టున తుమ్మకంపలకి వేలాడుతున్నాయి. కొండమీదివాళ్లు మన షాంపూ పోసుకుంటున్నారు, మనం వాళ్ల పేరున్న నూనె రాసుకుంటున్నాం. గోక్కోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు.

ఇప్పగింజలు ఆడించిన నూనె ఈ కొండల్లో కూరలోకీ అదే, ఒంటికీ అదే, తలకీ అదే. ఆ గింజలు ఏరిన చేతికి సంతలో ఏం ముడుతుందో, దళారి తక్కెడ ఎటు మొగ్గుతుందో అందరికీ తెలుసు. సీసా మీద ఆదివాసీ అని రాసి అమ్మిన వెయ్యిలో ఏరినవాళ్ల వాటా ఎంతో ఆ ఈకల ముసలాయన్నే అడగాలి.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. మా మేనకోడలి తల చూశాక నాకు నవ్వు ఆగిపోయింది. హాస్టల్లో చదువుకుంటున్న పిల్ల. చుండ్రు ఉంది, జుట్టు రాలుతోందని ఈ నూనె తెప్పించుకుంది. రాత్రి పట్టించి, పొద్దున మైల్డ్ షాంపూతో కడుగుతోంది. ఆ మైల్డ్ షాంపూ అంత నూనెని కదిలించలేదు. దువ్వెన పళ్ల మధ్య బూడిద రంగు మైనం. దిండు గలేబు మీద పసుపు మరక. నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత పొడుగునా గింజల్లా పొక్కులు. ఆపెయ్యవే అంటే, "అలా అనకు మావయ్యా, అమ్మినవాళ్లకి ఫోన్ చేసి అడిగాను. దురద వస్తే పనిచేస్తున్నట్టట. లోపలి టాక్సిన్లు బయటికి వస్తున్నాయట. ఇంకో రెండు సీసాలు వాడమన్నారు" అంది.

పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట!

ఒంటిమీద మంట పుడితే అది మంచికే అని పిల్లకి నేర్పినవాడు వ్యాపారి కాదు, దుర్మార్గుడు. మాడు ఎర్రబడి, కారి, అట్టకట్టి, ఇక చాలని చెబుతుంటే దాని నోరు మూయించి ఇంకో సీసా అంటగట్టడాన్ని ఇంకేమనాలి? చుండ్రు వెనక మలాసీజియా అనే ఫంగస్ ఉందన్నది కొత్త సంగతేం కాదు. అది అందరి తలలోనూ ఉంటుంది. తనకి కావలసిన కొవ్వు ఆమ్లాలు తను తయారుచేసుకోలేదు, మన చర్మం జిడ్డు మీదే బతుకుతుంది. ఆ జిడ్డుని విరగ్గొట్టి తను తినేది తిని, మిగిలినది అక్కడే వదిలేస్తుంది. ఆ మిగిలినదాంట్లో ఉండే ఓలిక్ ఆమ్లం పడని చర్మానికి దురద, పొట్టు. దాని మీద మనం పావుశేరు నూనె పోసి రాత్రంతా ఊరబెడితే దానికి సంక్రాంతి. చుండ్రు లేనివాళ్లు తలకి నూనె రాసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. చుండ్రు ఉన్నవాళ్లకి మందని చెప్పి అమ్మడం మాత్రం మోసం. సెమిలిగుడ, పొట్టంగి చలికి స్నానాలు తగ్గించి నూనెలు పెంచే నెలల్లో ఈ మోసం ఇంకా బాగా పండుతుంది.

చట్టం లేక కాదు. 1945 నాటి ఔషధ నియమావళిలో షెడ్యూల్ జె అని ఒకటుంది. ఏ మందూ నయం చేస్తానని, రాకుండా ఆపుతానని చెప్పుకోకూడని జబ్బుల జాబితా అది. అందులో బట్టతల ఉంది. జుట్టు రంగు మార్చడం, కొత్త జుట్టు మొలిపించడం కూడా ఉన్నాయి. అందుకే మనవాళ్లు కాగితం మీద సౌందర్య సాధనం అంటారు, వీడియోలో సంజీవని అంటారు. కాగితం అధికారికి, వీడియో మనకి.

అన్నట్టు, ఈ దేశంలో నూనె మీద తపస్సు చేసినవాళ్లు లేకపోలేదు. చిన్న సీసాలో పోసిన కొబ్బరి నూనె వంటకా, తలకా అన్న పన్ను తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018లో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. 2024 డిసెంబర్‌లో ముగ్గురు కూర్చుని వంట నూనెగానే లెక్కకట్టవచ్చని తేల్చారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి తలనూనె పన్నూ 5 శాతానికే దిగింది. ఇంతా చేసి ఆ నూనె మాడు మీద ఏం చేస్తుందన్న ప్రశ్న మాత్రం ఏ బెంచి ముందుకీ రాలేదు.

షాంపూల వాళ్లు ఇంకా తెలివైనవాళ్లు. జుట్టు పట్టులా జారాలని డైమెథికోన్ లాంటి సిలికోన్లు కలుపుతారు, కడిగినా పోకుండా అంటుకునే పాలిమర్లు కలుపుతారు. అవి వెంట్రుకకి పట్టడానికే పుట్టాయి, తప్పులేదు. కండిషనర్ని మాడుకి రుద్దకూడదని, కొసలకే రాయాలని కనబడని అక్షరాల్లో రాస్తారు; కనబడే బొమ్మలో అమ్మాయి తలంతా రుద్దుకుంటుంది. పేరుకున్నాక అది వదిలించే క్లారిఫైయింగ్ షాంపూ ఇంకొకటి. దానికి జుట్టు ఎండిపోతే సీరం. సీరం పేరుకుంటే స్క్రబ్బు. మండుతున్న మాడు మీద ఆ స్క్రబ్బు గీకితే ఇంకేముంది, కెమెరాకి పండగ.

ఇక మిగతావాటి జాబితా. ఉల్లి నూనె: పకోడీ వాసనతో పెళ్లికి వెళ్లేవాళ్ల సంఖ్య పెరిగింది. బియ్యం కడుగు: గేదె ఊరుకోదు. రోజ్‌మేరీ నీళ్లు: ఆ పేరు మీద 2015లో 100 మందితో ఒక పరీక్ష జరిగిన మాట నిజమే, అది నూనెతో, అదీ ఆర్నెల్లు, మరిగించిన నీళ్లతో వారంలో కాదు. నల్ల రంగు ప్యాకెట్టు: ముందు చెవి వెనక రాసి 48 గంటలు ఆగమని వాళ్లే రాస్తారు, మనం పెళ్లికి గంట ముందు తల నిండా పూసుకుని, కళ్లు వాచి ఫొటోలో నిలబడతాం.

కుంకుడుకాయ గొప్పదనం చెబుతానని ఎదురుచూస్తున్నవాళ్లు క్షమించాలి. విశాఖలోని గిరిజన సహకార సంస్థ (జీసీసీ) 1956 నుంచి కొండల్లో అటవీ సరుకు కొంటోంది, కుంకుళ్లు, సీకాయ మంచివే. నూనె జిడ్డుని కుంకుడు రసం వదిలిస్తుంది. కానీ అది కూడా మాడుని ఎండగడుతుంది, తొక్కు సరిగా వడకట్టకపోతే అదీ కుదుళ్లలో కూర్చుంటుంది. రేపు దాన్నీ 108 రకాలతో కలిపి అడవితల్లి కానుక అని అమ్ముతారు. వాళ్లకి నేను ప్రకటన రాసిపెట్టను.

మేనకోడల్ని రైలెక్కించి విశాఖ తీసుకెళ్లాం. డాక్టరమ్మ కెమెరా పెట్టలేదు, దీపం కింద చూసింది. నూనె ఆపమంది. 2 శాతం కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు తలకి రాసి, ఐదు నిమిషాలు ఉంచి కడగమంది. నుదుటి పొక్కులకి విడిగా ఏదీ రాయవద్దంది, నూనె ఆగితే అవే తగ్గుతాయంది. నాలుగు వారాలకి తగ్గకపోతే మళ్లీ రమ్మంది. ఇటువైపు వాళ్లు కోరాపుట్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీలో చూపించుకోవచ్చు, ఇంత దూరం రానక్కర్లేదని కూడా చెప్పింది. మిగిలిన సీసా ఏం చేయాలని పిల్ల అడిగితే, ఇంట్లో తలుపు బందులు కిర్రుమంటున్నాయా అని అడిగింది.