బడి మూతపడితే క్లాసు చెప్పకండి

కరోనా కాలంలోలా మళ్లీ ఎప్పుడైనా బడులు మూసే పరిస్థితి వస్తే, తెలుగు చెప్పే సార్లకూ మేడంలకూ నా మొదటి సలహా: ఆన్‌లైన్ క్లాసు జోలికి పోకండి. హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు చెప్పేవాళ్లకూ ఇదే మాట. లెక్కల సారు బోర్డు మీద లెక్క చేసి చూపిస్తే పిల్లలు చూసి నేర్చుకుంటారేమో. భాష మాత్రం పిల్లల నోరు కదలనిదే రాదు. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్లలో పాఠాలు మొదలయ్యాక, పిల్లలు టీవీ చూశారా లేదా అని రాసుకోవడమే మన పని అయిపోయింది. చూసినవాళ్లకు పాఠం వినబడింది. వాళ్ల మాట మాత్రం ఎవరి చెవినా పడలేదు.

ఫోన్ చేయండి. మామూలు కాల్, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. వికారాబాద్ జిల్లా తాండూరులో నాపరాతి గనికో పాలిష్ యూనిట్‌కో పోయే తండ్రి జేబులోనే ఉంటుంది ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ. పొద్దుటి టైంటేబుల్ ఆ ఇంటికి పనికిరాదు. ఆయన వచ్చి కాళ్లు కడుక్కున్నాక, రాత్రి ఎనిమిదికి చేయండి. మన సాయంత్రాలు పోతాయి, నిజమే. కానీ రోజుకు ఆరుగురితో మాట్లాడితే నలభై మంది తరగతిలో వారానికోసారి అందరి వంతూ వస్తుంది. బడి నడిచిన రోజుల్లో చివరి బెంచీ పిల్ల వారానికి ఐదు నిమిషాలైనా మనతో మాట్లాడిందా?

పాఠం అడగొద్దు. ఇవాళ ఏం వండిన్రు, కంది చేను ఎట్లుంది అని అడగండి. అట్లా అడిగితే ఒక తండా నుంచి ఏడో తరగతి పిల్ల వాయిస్ మెసేజ్ పంపింది. ఫోను నోటికి మరీ దగ్గర పెట్టుకుందేమో, ఊపిరి కూడా వినబడుతోంది. మధ్యలో తమ్ముణ్ని లంబాడీలో గదమాయించి, మళ్లీ తెలుగులోకి వచ్చి, కందికి పురుగు పడితే ఏం చేస్తారో చెప్పింది. చెట్టు కింద పాత చీర పరిచి మెల్లగా ఊపితే పురుగులన్నీ దాని మీద రాలతాయి. క్లాసులో లేపి నిలబెడితే తలొంచుకునే పిల్ల! ఎత్తుగడ, నడక, ముగింపు అన్నీ కుదిరిన వ్యాసాన్ని నోటితోనే చెప్పేసింది.

మొదటి నెల ఒక్క తప్పూ దిద్దకండి. శ, స ల జోలికి అసలే వద్దు. కీప్యాడ్ ఫోన్‌లో 2జీ కాల్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనినే మోస్తుంది. స లో ఉండే ఈల చాలావరకు అంతకు పైనే ఉంటుంది. పిల్ల సరిగ్గా పలికినా మనకు తప్పుగా వినబడవచ్చు. మన చెవికి చేరని అక్షరం కోసం పిల్లను మందలించడం అన్యాయం.

నోటుబుక్కు ఫొటోలు కూడా అడగకండి. వచ్చేది గైడులోంచి దించినదే.

తాండూరు కర్ణాటక సరిహద్దులో ఉంది. ఇళ్లలో ఉర్దూ, కన్నడ, లంబాడీ నడుస్తాయి. 2018 నాటి రాష్ట్ర చట్టంతో ఉర్దూ మీడియం పిల్లలకూ తెలుగు తప్పనిసరి అయింది. ముందు ఏదైనా కథను అమ్మకు ఇంటి భాషలో చెప్పమనండి, తర్వాత మనకు తెలుగులో. రెండూ కలగలిపేస్తే కలపనివ్వండి. వికారాబాద్ వైపు, అనంతగిరి గుట్టల చాటున ఫోన్ కలవకపోతే మాస్కు కట్టుకుని బండి మీద పోయి, అరుగు మీద దూరంగా కూర్చుని మాట్లాడించండి.

సిలబస్ గురించి దిగులొద్దు. 2020 మార్చిలో పదో తరగతి పరీక్షలు మొదట్లో జరిగిన భాషల పేపర్లతోనే ఆగిపోయి, జూన్‌లో రద్దయ్యాయి. 2021లో అసలు జరగనే లేదు. రెండేళ్లూ ఇంటర్నల్ మార్కులతోనే గ్రేడ్లు ఇచ్చారు. కాబట్టి నాలుగు పాఠాలు మిగిలితే మిగలనివ్వండి. బడి తెరిచిన రోజు హాజరు పిలిచేటప్పుడు మాత్రం ‘ఎస్ సార్’తో ఆపేయకండి, ఒక్కొక్కరి చేత ఒక్క వాక్యమైనా చెప్పించండి. ఆ పూటంతా దానికే పోయినా సరే.