చపాతీ చెయ్యి పక్కన పెట్టండి

పిండి ఎంత మర్దిస్తే అంత మెత్తన, కాసేపు నానితే ఇంకా మంచిది, ముద్ద నున్నగా రావాలి. ఈ మాటలు వింటూ పెరిగిన చేతులు మనవి. చపాతీకీ బొబ్బట్టుకీ అవి బంగారం లాంటి మాటలే. స్కోన్ అనే చిన్న బ్రిటిష్ రొట్టె చేసేటప్పుడు మాత్రం పెడచెవిన పెట్టండి. నేను చెప్పేవి తలకిందుల సలహాల్లా ఉంటాయి, అయినా అలాగే చేయండి.

వెన్న కరిగించకండి. ఫ్రీజర్‌లో గట్టిపడ్డ వెన్న 55 గ్రాములు, క్యారెట్ తురిమే దాంతో తురమండి. 225 గ్రాముల మైదా, 3 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కలిపి జల్లించి (ఉప్పు వెన్న అయితే వేరే ఉప్పు వద్దు), తురుము వేసి వేలికొసలతోనే పొడిపొడిగా నలపండి. అరచెయ్యి తగిలితే ఆ వేడికే వెన్న కరుగుతుంది. మే నెల ఎండల్లో అయితే గిన్నెను కూడా ఫ్రిజ్‌లో పెట్టుకోవాల్సిందే. వెన్న పలుకులు అక్కడక్కడా మిగిలాయని కంగారుపడొద్దు. ఓవెన్‌లో అవి కరిగి, వాటిలోని నీరు ఆవిరై పిండిని గుల్లగా లేపుతుంది.

ఇక 25 గ్రాముల పంచదార, 150 మిల్లీలీటర్ల చల్లని పాలు. మైదా అంతా ఒకేలా పీల్చదు కాబట్టి పాలు కొంచెం మిగుల్చుకుని పోయండి. కత్తితో నాలుగు తిప్పులు తిప్పితే ముద్ద గరుకుగా, చేతికి అంటుకునేట్టు తయారవుతుంది. అక్కడే చెయ్యి లాగుతుంది, ఇంకాస్త పిసుకుదామని. వద్దు! పిసికేకొద్దీ గ్లూటెన్ బిగుస్తుంది. చపాతీకి ఆ సాగుడు కావాలి, స్కోన్ చేత్తో తుంచితే విరగాలి. నానబెట్టడమూ వద్దు, బేకింగ్ పౌడర్ తడి తగలగానే పని మొదలుపెడుతుంది. 1843లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ ఈస్టు పడని తన భార్య కోసం చేసిన పొడి ఇది. గంటలకొద్దీ కాచుకు కూర్చోవడం ఈస్టు పిండికే.

పల్చగా ఒత్తకండి, 2.5 సెంటీమీటర్ల మందం ఉండాలి. గ్లాసు అంచుకు పిండి అద్ది నిటారుగా నొక్కండి. గ్లాసు తిప్పితే అంచులు మూసుకుపోయి స్కోన్ ఒరుగుతుంది. సన్నసెగ కూడా మరిచిపోండి: ముందే 220 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్, 12 నుంచి 15 నిమిషాలు. ఓవెన్ లేనివాళ్లు దిగులుపడక్కర్లేదు. స్కాట్లండ్‌లో ఇనప పెనం మీద కాల్చే స్కోన్లు ఉన్నాయి. వాటికి మాత్రం మందం తగ్గించి, మంట తగ్గించి, రెండు వైపులా కాల్చాలి.

తినేటప్పుడు డెవన్ వాళ్లు ముందు క్లాటెడ్ క్రీమ్ రాసి పైన జామ్ వేస్తారు, కార్న్‌వాల్ వాళ్లు ముందు జామ్. నేను కార్న్‌వాల్ పక్షమే, వేడి స్కోన్ మీద నేరుగా క్రీమ్ రాస్తే కారిపోతుంది. క్లాటెడ్ క్రీమ్ దొరక్కపోతే కాచిన పాల మీద కట్టిన చిక్కటి మీగడ చాలు. డబ్బాలో దొరికే తీపి నురగ క్రీమ్ మాత్రం దగ్గరికి రానీయకండి. స్కోన్లు ఆ రోజే తినేయాలి. మిగిలేట్టున్నాయా, చల్లారగానే ఫ్రీజర్‌లో పెట్టేయండి.