మా కాలంలో పూలకు వాసన ఉండేది

ఏమబ్బీ, మొన్న పెండ్లిలో వేదిక వెనక గోడెత్తు ఎరుపూ పసుపూ పూలు కుక్కినారే, వాటి ముందర నిలబడి ఫోటోలు దిగినావు గాని, ఒక్కదాన్ని ముక్కు దగ్గర పెట్టి చూసినావా? వాసనుండదు. జెర్బెరా అంట. ఒక్కో పూవు తలకు ప్లాస్టిక్ టోపీ తొడిగి, పదేసి కట్ట కట్టి, రాత్రి బస్సు డిక్కీలో బెంగళూరు నుంచి దింపుతారు.

మా రోజుల్లో నందికొట్కూరులో పెండ్లంటే పూలు చుట్టుపక్కల పల్లెల నుంచే వచ్చేవి. సుంకేసుల నుంచి వచ్చే కేసీ కెనాలు నీళ్లు వరికి, పూలకు బావి నీళ్లు. కపిల తోలి పావెకరా మల్లె, కనకాంబరం తడుపుకునేవాళ్లు. మొగ్గ విచ్చకముందే, చీకటితోనే కోత. పొద్దెక్కేసరికి ఆడోళ్లు అరుగు మీద కూర్చుని, తడిపిన అరటినారతో కట్టేవాళ్లు. మూర కొలిచేది అమ్మే ఆమె మోచెయ్యే. మా అవ్వ పొడుగు చేతులామెను వెతుక్కుని పోయేది. పొట్టి చేతులామె అది కనిపెట్టి కొసరు వేసేది. పోటీ అప్పుడూ ఉండేది నాయనా, కాకపోతే అది బస్టాండుకు ఈ పక్క గంపకూ ఆ పక్క గంపకూ మధ్యన. సాయంత్రానికి ఇద్దరి గంపలూ ఖాళీ అయ్యేవి.

కనకాంబరానికి వాసన యాడుంది తాతా అంటావు. లేదు. అందుకే మధ్యమధ్య మరువం, రెండు మల్లెలు చేర్చి కట్టేది. పూవంటే వాసన ఉండాలని కట్టేవాళ్లకూ తెలుసు, కొనేవాళ్లకూ తెలుసు.

ఏడో నంబరు రోడ్డు, మీరిప్పుడు 44 అంటున్నారే, అది నాలుగు వరుసలైనాక అంతా తిరగబడింది. సాయంత్రం హోసూరులో ఎక్కిన గులాబీ తెల్లారేసరికి కర్నూల్లో దిగుతుంది. 20 పూల కట్ట, చుట్టూ అట్టముక్క. హోసూరులో ఎండాకాలంలో కూడా రాత్రి చల్లగా ఉంటుంది, గులాబీకి అదే కావాలి. మనకు ఏప్రిల్లోనే ఎండ 40 దాటుతుంది. 2005లో ఉద్యాన మిషన్ వచ్చి పాలీహౌసులకు సబ్సిడీ ఇస్తామన్నా, మన ఎండలో వాళ్లతో పోటీ పడేదెట్ల?

హోసూరోళ్లకూ సుఖం లేదు. ఫిబ్రవరి 14 కోసం తాజ్‌మహల్ రకం ఎర్రగులాబీని విమానమెక్కిస్తే, కెన్యాలో నైవాషా సరస్సు గట్టున, ఇథియోపియా కొండల మీద పెంచినోళ్లు యూరప్‌లో ఎదురుగా నిలబడతారు. హాలండులో ఆల్స్‌మీర్ అని ఒక ఊరు, అక్కడ పూల వేలంలో ధర పైనుంచి కిందికి దిగుతా వస్తుంది. ముందు మీట నొక్కినోడిది సరుకు. మా బేరం కూడా కిందికే దిగేది. కాని ఎదురుగా అమ్మే ఆమె ముఖం కనబడేది, ఒక దగ్గర ఆగేవాళ్లం.

అంత దూరం పోవాలంటే పూవు వాడకూడదు, రేకు రాలకూడదు, కాడ పొడుగ్గా ఉండాలి. ఆ గుణాలు చూసే రకాలు ఎంచుకుంటా పోయినారు. వాసనకు ధర కట్టినోడు లేడు, అది పోయింది. మా ఇంటి పెరట్లో పన్నీరు గులాబీ ఉండేది. పొద్దున కోస్తే సాయంత్రానికి రేకులు రాలిపోయేవి. ఆ ఒక్క పూటా నట్టిల్లు ఘుమఘుమలాడేది. అట్లాంటి పూవుకు ఈ బజారులో చోటు లేదు.

ఇంకా ఘోరం ప్లాస్టిక్ బంతి. శ్రీశైలం పోయే బండ్లు మన ఊరి మీదుగానే పోతాయి. శివరాత్రికీ ఉగాదికీ జనం దిగి పూలు కొనేవాళ్లు. ఇప్పుడు అద్దాలు ఎత్తుకుని పోతారు, లోపల వేలాడేది ప్లాస్టిక్ దండ. దసరాకు పోయినేడాది దండనే దుమ్ము దులిపి మళ్లా దేవుడి పటానికి వేస్తారు. పండగను నమ్ముకుని బంతి వేసిన రైతు, కోత కూలి కూడా రాక చేన్లోనే వదిలేస్తాడు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాల. చీకట్లో పురుగూ పుట్రకు భయపడతా మల్లె కోసిన ఆడోళ్ల బతుకు సులువైంది కాదు. వాళ్ల మనవరాండ్లు ఆ పనికి పోకుండా చదువుకుంటే నాకు సంతోషమే. కాని ఇంకా ఆ గంపనే నమ్ముకున్నోళ్లు ఉన్నారు గదా, వాళ్ల నోటికాడ కూడు హోసూరుకూ ప్లాస్టిక్ ఫ్యాక్టరీకీ పోతుంటే నేను చూస్తా ఊరుకోలేను.

వచ్చే శ్రావణంలో వరలక్ష్మి వ్రతానికి మీ అమ్మ పూలు తెమ్మంటే ఫోనులో తెప్పించొద్దు అబ్బీ. బస్టాండు కాడ పూలమ్మే ఆమె దగ్గరికి పో. మూర కొలిపించుకో, ఒక మాట బేరమాడు, ఆమె ఆగిన దగ్గర నువ్వూ ఆగు.