సెట్టు బాబాయి

ఆయన అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది. బయట మాత్రం అందరికీ సెట్టు బాబాయే. ఇది మా ఊరికే దక్కిన భాగ్యం కాదు. ఒక పక్క తాసిల్దారు ఆఫీసు, ఇంకో పక్క రిజిస్ట్రారు ఆఫీసు, మధ్యలో ఒక టీ బడ్డీ ఉన్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటి బాబాయి ఒకడుంటాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చంకలో రెగ్జిన్ సంచి, చేతిలో రెండు ఫోన్లు. ఒకటి మోగుతుంటే రెండోది చెవికి పెట్టుకుంటాడు. ఏం పని చేస్తారండీ అనడిగితే, "ఏదో, నలుగురికీ పనులు సెట్ చేస్తుంటాం" అంటాడు వినయంగా.

ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ ఒక్క మాటే. అది చాలు కూడా. ఆక్స్‌ఫర్డ్ వారి పెద్ద నిఘంటువు రెండో కూర్పు 1989లో వచ్చినప్పుడు అందులో ‘సెట్’కి 430 అర్థాలు లెక్కతేలాయి. ఆ ఒక్క మాట వివరణే 60 వేల మాటల దాకా పోయింది. బాబాయి ఆ పుస్తకం చూడలేదు. చూసినా ఆయనకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. వాళ్లకే పంపుసెట్టూ, మైకుసెట్టూ, సెట్ దోశా తెలిసుండవని నా అనుమానం.

తర్వాత ‘రన్’ అనే మాట వచ్చి, క్రియగానే 645 అర్థాలతో ‘సెట్’ని దాటిపోయింది. దాని లెక్క తేల్చడానికి పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడికి తొమ్మిది నెలలు పట్టింది. ఈ సంగతి బాబాయికి చెబితే జాలిపడ్డాడు. "తొమ్మిది నెలలు తిరిగాడా పాపం! ముందే మన దగ్గరికి రావాల్సింది."

ఒక మాటతో ఇన్ని పనులు నడిపిస్తుంటే ఎప్పుడో ఒకసారి బండి పట్టాలు తప్పక తప్పదు. ఓ ముహూర్తాల రోజు ఆయన నడిరోడ్డు మీద నిలబడి, ఈ ఫోన్లో ఒకడికీ ఆ ఫోన్లో ఇంకొకడికీ ఒకే ఆజ్ఞ వేశాడు: "ఒరే అబ్బాయ్, సెట్టు సాయంత్రానికల్లా దింపెయ్యాలి. అడ్రసు మనవాడు చెప్తాడు." ఆ మనవాడికి ఏ సెట్టు ఎవరిదో బాబాయి చెప్పలేదు. పొద్దుగూకేసరికి రొయ్యల చెరువు గట్టు మీద నాలుగు సౌండు బాక్సులతో మైకుసెట్టు దిగింది. కల్యాణమండపం మెట్ల మీద, సన్నాయివాళ్ల పక్కన, ఐదు హార్స్‌పవర్ పంపుసెట్టు దిగింది. పెళ్లికూతురి తండ్రి కొట్టినంత పని చేశాడు. బాబాయి చెక్కుచెదరలేదు. "దానికేముంది బావగారూ, ఇదటూ అదిటూ పంపిస్తే సెట్ అయిపోద్ది" అని మండపంలోకి నడిచి, నెక్లెస్ సెట్టు బాగుందని అమ్మలక్కలకు చెప్పి, మొదటి బంతిలోనే భోజనానికి కూర్చున్నాడు.

ప్రభుత్వం కూడా తన మాట మీదే నడుస్తోందని ఆయన ధీమా. 1986లో ఎంసెట్ మొదలైంది. ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్, పాలీసెట్, డీసెట్ కూడా అదే బాట పట్టాయి. ఎంసెట్ పేరు మార్చి రెండు రాష్ట్రాలూ ఈఏపీసెట్ అన్నాయి. "ముందున్నవి ఎన్నయినా మార్చారు. చివరిది కదిపారా?" అని మీసం దువ్వుతాడు. కన్వీనరు కోటా సీటు ర్యాంకును బట్టీ, పిల్లాడు పెట్టుకున్న వెబ్ ఆప్షన్లను బట్టీ కంప్యూటరు ఇస్తుంది. అందులో బాబాయి వేలు పెట్టే సందు లేదు. అయినా తండ్రితో "సెట్ చేద్దాంలే" అంటాడు. సీటు దానంతటదే వస్తుంది. మిఠాయి పొట్లం మాత్రం బాబాయి ఇంటికి వెళ్తుంది.

ఆయన ఇంగ్లీషుని వెక్కిరించేవాళ్లు ఆయన తెలుగు వ్యాకరణాన్ని గమనించరు. పని అయిందనుకోండి, "సెట్ చేశా" అంటాడు. చేసింది నేను. కాలేదనుకోండి, "సెట్ కాలేదమ్మా" అంటాడు. అది ఎవరివల్ల కాలేదో అడగడానికి ఆ వాక్యంలో మనిషే లేడు! సకర్మకం, అకర్మకం అని మనకు బళ్లో బెత్తం పట్టుకు చెప్పినా ఒంటబట్టలేదు. ఈయన అందులోంచి రెండంతస్తుల డాబా లేపాడు.

పీటర్ రోజె అనే డాక్టరు చిన్నప్పటి నుంచీ మాటల జాబితాలు రాసుకుని, 1852లో ఇంగ్లీషునంతటినీ వెయ్యి శీర్షికల కింద సర్ది పర్యాయపదాల కోశం అచ్చువేశాడు. బాబాయి ఆ వెయ్యినీ ఒక్కదాంట్లోకి కుదించాడు. తేడాలన్నీ క్రియ తోకలో ఉంటాయి, తెలిసినవాడు పట్టుకోవాలి. "సెట్ చేద్దాం" అంటే ఇంకా మొదలుపెట్టలేదని. "సెట్ అవుతోంది" అంటే మర్చిపోయాడని. "సెట్ అయినట్టే" అన్నప్పటికి మన డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది. "అంతా సెట్టు, ఒక్క సంతకం మిగిలింది" అంటే ఆ సంతకం పెట్టాల్సిన అధికారికి బదిలీ అయిందన్నమాట. ఆఖరున, ఎంతో ప్రేమగా, "అది నీకు సెట్ కాదులేరా" అంటాడు. ఇక అడ్వాన్సు మాట ఎత్తకూడదు.

మామూలు సిమెంటుకైనా ఓ కట్టుబాటుంది. కలిపిన ముప్పై నిమిషాల లోపు సెట్ అవడం మొదలుపెట్టకూడదు, పది గంటల్లోపు పూర్తిగా సెట్ అవ్వాలి. మన దేశపు ప్రమాణం అది. బాబాయికి అలాంటి ప్రమాణాలు వర్తించవు.

అలాగని మనిషి చెడ్డవాడా అంటే చెప్పలేను. వేలిముద్రలు అరిగిపోయి మిషను మీద పడక పింఛను ఆగిపోయిన పెద్దమ్మను తన బండి మీద ఎక్కించుకుని, ఆధార్ సెంటరు చుట్టూ ఎన్నిసార్లు తిప్పాడో నేను చూశాను. ఆ పని అయింది కూడా. పైసా తీసుకోలేదు. చిత్రమేమిటంటే, ఆ ఒక్క పని గురించే "సెట్ చేశా" అని ఎక్కడా చెప్పుకోలేదు.

ఈమధ్య బాబాయికి ముందు పళ్లు ఊడాయి. దాంతో ఆయన ప్రాణమైన మాటకే దెబ్బ తగిలింది. "షెట్ చేద్దాంలే" అంటుంటే జనం నమ్మడం తగ్గించారు. వృత్తికే ముప్పని తెలిసి, పళ్లసెట్టు కట్టించుకుందామని డాక్టరు దగ్గరికి పోయాడు. డాక్టరు కుర్రాడు. నోరు చూసి, కొలత తీసి, అడ్వాన్సు కట్టించుకున్నాడు. పది రోజులన్నది నెలన్నర చేశాడు. చివరికి ఇచ్చిన సెట్టు పెట్టుకుంటే వదులుగా కదులుతోంది.

"ఇదేంటి డాక్టరుగారూ, షెట్ అవలేదే?"

"అవుద్దండీ, సెట్ అయినట్టే. ఇంకో రెండు సిట్టింగులు చూద్దాం."

బాబాయి ఉలిక్కిపడ్డాడు. కుర్రాడి మొహంలోకి కాసేపు పరీక్షగా చూశాడు. ఇంకేమీ అనకుండా లేచి, బయట చీటీలు రాసే కాంపౌండరు పక్కన చేరి, గొంతు తగ్గించి అడిగాడు:

"అబ్బాయ్, డాక్టరుగారి దగ్గర పనులు షెట్ చేసేవాళ్లెవరన్నా ఉన్నారా?"