హుందా ఆమెకు, హాయి ఆయనకు

పండగ వస్తోంది. సలహాలూ వస్తున్నాయి. "పండగ విందుకు హుందాగా, హాయిగా ఉండే దుస్తులు ఎంచుకోండి." ఆదివారం అనుబంధం చెబుతుంది. టీవీలో యాంకరమ్మ చెబుతుంది. కూడలిలో మూడంతస్తుల హోర్డింగు మీద నగల బరువుకు మెడ వంగిన హీరోయిన్ చెబుతుంది. బాగుంది. ఎవరికి హుందా? ఎవరికి హాయి?

దసరా రాత్రి ఏ ఇంట్లోనైనా తొంగి చూడండి. ఫ్యాన్ కింద సోఫాలో ఇంటాయన. కింద నిక్కరు. పైన పోయిన ఎన్నికల్లో పంచిన టీషర్టు. "అందరం ఇంట్లోవాళ్లమే కదా, నాకెందుకీ వేషాలు?" అంటాడు. నిజమే. మరి అదే ఇంట్లోవాళ్ల ముందు ఆమెకెందుకు పట్టుచీర? "పండగపూట ఆ నైటీ ఏమిటి? నలుగురూ వస్తారు, కాస్త మంచి చీర కట్టుకో" అన్నది ఎవరు? ఆయనే. ఆయన కాకపోతే ఆయన్ని కన్నావిడ.

కట్టుకుంది. కట్టుకుని గారెలు వేస్తోంది. ఓ పొయ్యి మీద నూనె, ఓ పొయ్యి మీద పులుసు. ఫ్యాన్ వేస్తే మంట ఆరిపోతుంది. జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. పైటచెంగు నడుములో దోపి, కుచ్చిళ్ల మీద నూనె చుక్క పడకుండా జరుగుతూ, చెమట మోచేత్తో తుడుచుకుంటోంది. ఇంతలో హాల్లోంచి కేక. "ఒక్క ఫొటో! ఇలా రా. కాస్త నవ్వుతూ నిలబడు!" ఎందుకు నవ్వాలి మహానుభావా?

మొదటి బంతి మగవాళ్లది. వడ్డన ఆమెది. రెండో బంతి ఆడవాళ్లది, అంటే గారెలు చల్లారి, పెరుగు పులిశాక. ఆరేళ్ల పిల్ల పట్టులంగా జరీ గుచ్చుకుంటోందని ఏడుస్తుంది. "ఫొటో అయ్యేదాకా ఓర్చుకో తల్లీ." శిక్షణ అప్పుడే మొదలు. అన్నట్టు ఇంటాయన నిక్కరుకు నాలుగు జేబులు. ఆమె ఫోను ఎక్కడ పెట్టుకోవాలి? నడుములో దోపుకోవాలి. హుందాగా!

ఈమధ్య 'కాంబో' అని ఇంకో జబ్బు వచ్చింది. అమ్మకూ నాన్నకూ పిల్లలకూ ఒకే రంగు, ఒకే అంచు. సమానత్వం అనుకునేరు. ఫొటో తీసిన మూడో నిమిషానికి ఆయన కుర్తా కుర్చీ వీపున వేలాడుతుంటుంది. ఆమె పట్టు మాత్రం గిన్నెలు కడిగేదాకా ఒంటి మీదే. సముద్రాలు దాటినా ఇదే వరస. సంక్రాంతి పాట్‌లక్‌కి డాలస్‌లో ఆయన దళసరి జాకెట్లో కారు దిగుతాడు. కోటు వేసుకుంటే చీర కనబడదు గనుక ఆమె వణుకుతూ దిగుతుంది. చేతిలో పులిహోర ట్రే. అది కూడా ఆమే మోయాలి.

ఇంటి బాగోతం ఇంట్లో ఉండనిద్దాం. ఆ చీర కొన్న చోటికి పదండి.

"ఇది ప్యూరా అండీ?" "సెమీ ప్యూర్ మేడం." పాలవాడు 'సగం స్వచ్ఛమైన పాలు' అంటే చెంబు విసిరేస్తాం. ఇక్కడ తలూపి, కార్డు గీకి, సంచి అందుకుంటాం. పట్టు అంటారు, కాలిస్తే ప్లాస్టిక్ ముద్ద అవుతుంది. చేనేత అంటారు, నేసింది మరమగ్గం. పోచంపల్లి అంటారు, ఆ గళ్లు నేసినవి కావు, అచ్చు గుద్దినవి. పైన పటారం, లోన లొటారం. దానికి ఆషాఢం డిస్కౌంటు ఒకటి.

దీనికి చట్టం లేదా? భేషుగ్గా ఉంది. 1985 నాటిది. ఫలానా రకాలు చేతిమగ్గం మీదే నేయాలి, మరమగ్గం ముట్టుకోకూడదు అని రాసిపెట్టారు. మొదట 22 రకాలు. 1996లో అవి 11కి కుదించుకుపోయాయి. ఆ మిగిలిన పదకొండింటినైనా కాపాడారా? నకిలీ చీర అమ్మినందుకు ఏ పెద్ద షోరూం షట్టరు దిగడం మీరు చూశారు? పోనీ, ఏ మంత్రిగారు రిబ్బను కత్తిరించకుండా ఏ షోరూం తెరుచుకుంది?

దేవుడికే దిక్కులేదు లెండి. తిరుమలలో వేదాశీర్వచనం వేళ ప్రముఖుల భుజాల మీద పట్టు శాలువా కప్పుతారు కదా. బిల్లు పట్టుకూ, సరఫరా పాలిస్టరుకూ అని టీటీడీ విజిలెన్స్ విచారణలో తేలిందని 2025 డిసెంబరులో వార్తలొచ్చాయి. పదేళ్ల పాటు సాగిందట. లెక్క 54 కోట్ల రూపాయలట. ఏసీబీని దించారు. నన్ను వేధించే ప్రశ్న వేరు. పదేళ్లు ఎందరు మంత్రులు, ఎందరు జడ్జీలు, ఎందరు కోటీశ్వరులు ఆ శాలువా కప్పుకుని కెమెరా వైపు తిరిగి ఉంటారు! ఒక్కరి భుజానికైనా తేడా తెలియలేదా? చేనేత గొప్పదనం మీద ఉపన్యాసాలిచ్చేది ఆ భుజాలేనాయె.

ఉపన్యాసాలంటే గుర్తొచ్చింది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో స్వదేశీ ఉద్యమానికి పిలుపునిచ్చిన రోజు అది. 2015 నుంచి ఏటా జరుపుతున్నారు. ఆ రోజు నేతలంతా నేత బట్టలే. సెల్ఫీలు, హ్యాష్‌ట్యాగులు, నేతన్నకు పాదాభివందనాలు. వెనక్కి చూస్తే వేదిక నిండా ప్లాస్టిక్ ఫ్లెక్సీ. 2020లో కేంద్రంలో ఏం చేశారో తెలుసా? జూలై 27న అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. పదకొండు రోజులు తిరిగేసరికి చేనేత దినోత్సవ శుభాకాంక్షలు చెప్పారు. పదకొండు రోజులకు చేసేదాన్ని మన ఊళ్లలో ఉత్సవం అనరు స్వామీ!

అంతకు ముందే, 2017లో, జీఎస్టీ పేరుతో చేనేత వస్త్రం మీదా 5 శాతం పన్ను వేశారు. 'నేతన్నే దేశానికి గర్వకారణం' అని ఇటు ట్వీటు, అటు రసీదు.

రాష్ట్రాలు తక్కువ తిన్నాయా? అదే 2017లో తెలంగాణ సర్కారు బతుకమ్మ చీరలు పంచింది. సిరిసిల్ల మరమగ్గాలకు పని అన్నారు. గడువు చాలలేదని సూరత్ సరుకూ తెచ్చారు. ఆ నాసిరకం చూసి కొన్నిచోట్ల ఆడవాళ్లు నడిరోడ్డు మీద చీరలు తగలబెట్టారు. వెంటనే, వెనక ప్రతిపక్షం ఉందన్నారు. ఉంటే ఉండొచ్చు. ఆ చీర కట్టుకుని ఏ మంత్రి ఇల్లాలైనా పండగ భోజనానికి కూర్చుందా? దానికి జవాబు రాలేదు.

అసలు కడుపు మండేది ఇక్కడ. హుందా, హాయి రెండూ ఒకే చీరలో ఎలా ఇమడాలో మన నేతగాళ్లు ఎప్పుడో తేల్చేశారు. గద్వాల చూడండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటికి చల్లన, కంటికి నిండు. వెంకటగిరి నూలు చీర కడితే బరువే తెలియదు. మంగళగిరి ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది. వంటింట్లో నిలబడొచ్చు, బంతిలో కూర్చోవచ్చు. మరి హోర్డింగు మీద ఇవెందుకుండవు? మూడంతస్తుల హోర్డింగు అద్దె నూలు చీర మీద మిగిలే లాభంతో గిట్టదు గనుక.

ఇంతకీ ఆ నేసేవారి హాయి మాటేమిటి? ఇక్కత్ చీరకు ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లదే. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశాడు. పెద్ద చదువు లేని మనిషి. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషం. బోర్డులు, శాఖలు, సంచాలకులు అంతవరకూ ఏం చేస్తున్నారు? దీపాలు వెలిగిస్తున్నారు.

2019-20 చేనేత గణన సర్కారు వారిదే. పదేళ్ల కిందటి గణనలో 43 లక్షల పైచిలుకు ఉన్న కార్మికులు ఇందులో 35 లక్షలయ్యారు. నేసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. నేత కుటుంబాల్లో మూడింట రెండొంతుల మందికి నెలకు 5,000 రూపాయలు కూడా రావు. ఆ ఐదు వేలు మన దగ్గర దేనికి సరి? పెళ్లి జాకెట్టు మీద 'మగ్గం వర్క్'కు ఇచ్చేది అంతే, ఇంకా ఎక్కువే. మగ్గం మీద చీర నేసిన మనిషి నెల సంపాదన, మన మోచేతి మీది పూసల పాటి చేయదు!

ఈసారి షోరూంకు వెళ్తే ఒక్కటి అడిగి చూడండి. "చేనేత మార్కు ఏదీ? ఏ ఊళ్లో నేశారు?" ముందు కూల్‌డ్రింకు తెప్పిస్తారు. తర్వాత ఏసీ పెంచుతారు. మళ్లీ అడిగితే మేనేజరు వచ్చి, "మా దగ్గర మంత్రిగారి మేడమే కొంటారండీ" అంటాడు. మూడోసారి అడిగేలోపు వెనక సోఫాలోంచి, అవే నాలుగు జేబుల నిక్కరులో ఉన్న పెద్దమనిషి విసుక్కుంటాడు.

"ఏదో ఒకటి తీసుకోరాదూ? ఇంటికెళ్లి వంటెప్పుడు చేస్తావు?"