తాత కాలం చేసిన తేదీకి టీకా తాత్పర్యం

మూలం: "పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు, పుష్య బహుళంల, సంక్రాంతికి ముంగట తాత కాలం జేసిండు."

టీక: తుక్కుగూడలో భూమి పంపకాల వేళ ఇలాంటి వాక్యం ఎదురైందనుకుందాం. ముడి అంతా "మరుసటేడు" దగ్గరే. పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబరులో. నిజాం దఫ్తరాల ఫస్లీ లెక్కన అది 1357 ఆఖరు. అక్టోబరు మొదట్లోనే 1358 వచ్చింది. కాబట్టి పట్వారీ లెక్కా, ఇంగ్లీషు లెక్కా రెండూ 1949 సంక్రాంతినే చూపిస్తాయి. ఉగాదికి ఏడు మారే ఇంట్లో మాత్రం ఆ సంక్రాంతి ఇంకా సర్వధారిలోదే. మరుసటేడంటే విరోధి, అనగా 1950 జనవరి. తగువు తీర్చేది బహుళం. 1949లో పౌర్ణమి సంక్రాంతి నాటికి వచ్చింది, బహుళం పండుగ దాటాకే. 1950లో పౌర్ణమి జనవరి 4నే వెళ్లిపోయింది గనుక, పండుగకు ముందే బహుళ దినాలు దొరుకుతాయి. తిథి గెలిచింది.

పూర్వపక్షి ఒప్పుకోడు. 1954-55 ఖాస్రా పహాణీలో, ఆ తర్వాతి పహాణీల్లో కూడా పట్టాదారు గడిలో తాత పేరే ఉంది, అంటే అప్పటికీ బతికే ఉన్నాడంటాడు. ఉంటుంది, విరాసత్ (వారసుల పేర మార్పు) చేయించనంతకాలం పాత పేరే ఏటేటా ఎక్కేది. ఆ గడి శిస్తు ఎవరి పేరనో చెబుతుంది, ఊపిరి సంగతి చెప్పదు. 1971 హక్కుల చట్టం కూడా ఎంట్రీని నిజమని నమ్మమన్నది, తప్పని రుజువయ్యేదాకానే. ఆయన పట్టుదలకు అసలు కారణం వేరే: హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న వచ్చింది, ఆ తర్వాత పోయిన తాత ఆస్తిలో కూతుళ్లకూ వాటా. ఔటర్ రింగు రోడ్డు పక్క నేలకు ఈ తేడా చిన్నది కాదు. ఆడబిడ్డల వాటా న్యాయమే (అన్నదమ్ములు మనసుపెట్టి ఇవ్వనూవచ్చు), దానికోసం తాతను ఆరేళ్లకు పైగా అదనంగా బతికించనక్కర్లేదు. ఐర్లండ్‌లో వంశాలు వెతికేవారికి 1922లో డబ్లిన్‌లో కాలిపోయిన పాత కాగితాలు లేని బాధ. మనకు చెక్కుచెదరని పహాణీ పెట్టే బాధ.

పెత్రమాసకే పెద్దలకు పెట్టే ఇళ్లలో తిథి ఎవరికి గుర్తంటారా? గుర్తులేనివారు పక్షం ఊసే ఎత్తరు.

తాత్పర్యం: విరోధి, పుష్య బహుళం, 1950 జనవరి 5కూ సంక్రాంతికీ మధ్య. ఏడాది దాటిన మరణం నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దరఖాస్తులో ఆ నెలే రాయండి. పహాణీ నకలు జతచేస్తే, విరాసత్ ఆలస్యమైందని ఒక వాక్యం కూడా చేర్చండి.